దానమిచ్చిన ఊళ్లో గజం ఎంత?

ఎనభై ఎకరాలు అడిగితే వంద ఎకరాలు ఇచ్చిన ఊరు పోచంపల్లి. ప్రపంచ పర్యాటక పటంలోకి ఎక్కిన ఆ ఊరికి ఇప్పుడు చీరలు చూసే చుట్టాలతో పాటు భూములు చూసే చుట్టాలూ వస్తున్నారు. పోచంపల్లి నుంచి పాలమూరు (మహబూబ్‌నగర్) దాకా, ఊరిని చూడటానికీ కొనటానికీ మధ్య నలుగుతున్న పల్లెల కథ ఇది.

ఆదివారం పొద్దున పోచంపల్లి బజారులో రెండు రకాల కార్లు ఆగుతాయి. ఒక కారులోంచి దిగినవాళ్లు నేరుగా చీరల షాపులోకి పోతారు. రెండో కారులోంచి దిగినవాళ్లు చాయ్ హోటల్ ముందు నిలబడి, ఫోన్లో మ్యాపు తెరిచి, "ఇక్కడ ఎకరం ఎట్ల నడుస్తున్నదన్నా?" అని ఆరా తీస్తారు. మొదటివాళ్లకు ఆరు గజాల చీర కావాలి. రెండోవాళ్లకు రెండు వందల గజాల ప్లాటు కావాలి. మధ్యాహ్నానికి ఇద్దరూ ఒకే హోటల్లో అన్నం తిని, ఒకే రోడ్డు మీద హైదరాబాద్‌కు తిరిగిపోతారు.

పోచంపల్లి రాజధానికి యాభై కిలోమీటర్ల లోపే ఉంటుంది. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. ఒక పక్క వరంగల్ హైవే, మరో పక్క విజయవాడ హైవే. బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. యాదగిరిగుట్టలో కొత్త గుడి 2022 మార్చిలో తెరుచుకుంది. భువనగిరి, చౌటుప్పల్ మీదుగా ప్రాంతీయ రింగు రోడ్డు గీత గీశారు. భూమి ధర పెరగడానికి ఇంతకంటే ఏం కావాలి? ఊరి పేరు ముందున్న 'భూదాన్' అన్న మాట కూడా ఈ మధ్య వెంచర్ల బోర్డుల మీద అడ్రసులో భాగంగానే కనిపిస్తోంది. ఆ మాట అక్కడికి ఎలా వచ్చిందో తెలిస్తే, బోర్డు చదివినప్పుడు గొంతులో ఏదో అడ్డం పడినట్టుంటుంది.

తరి నలభై, ఖుష్కి నలభై

1951 ఏప్రిల్. తెలంగాణ సాయుధ పోరాటం చివరి రోజులు. నల్లగొండ పల్లెల్లో పగలు పోలీసుల భయం, రాత్రి దళాల అలికిడి. దున్నేవాడికి భూమి లేదు, భూమి ఉన్నవాడికి నిద్ర లేదు. ఆ నెల రెండో వారంలో హైదరాబాద్ పక్కన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. వార్ధా దగ్గరి పౌనార్ ఆశ్రమం నుంచి దానికి వినోబా భావే నడిచే వచ్చారు. సమ్మేళనం ముగిశాక నల్లగొండ పల్లెల్లోకి నడక మొదలుపెట్టి, ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు.

దళితవాడకు వెళ్లి ఏం కావాలని అడిగారు. భూమి కావాలన్నారు. ఎంత కావాలంటే, నలభై కుటుంబాలవాళ్లు తమలో తాము లెక్క చూసుకుని చెప్పారు. తరి నలభై ఎకరాలు, ఖుష్కి నలభై ఎకరాలు. ఆ లెక్కలో అత్యాశ లేదు. ఇంటికి ఎకరం మాగాణి, ఎకరం మెట్ట. తిండిగింజలకు ఒకటి, జొన్నలకూ పశువుల మేతకూ ఒకటి. సర్కారుకు అర్జీ పెట్టుకోవడం ఒక దారి. ఊరివాళ్లే ఇవ్వగలరేమోనని వినోబా సభలో అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు.

అక్కణ్నుంచి భూదానం ఉద్యమమైంది. తెలంగాణలో యాభై ఒక్క రోజుల నడకలో సుమారు 12 వేల ఎకరాలు వచ్చాయి. ఆ తర్వాత దేశమంతా తిరిగితే 40 లక్షల ఎకరాలకు పైగా ప్రకటించారు. వినోబా కోరింది మాత్రం ఐదు కోట్లు. ప్రకటించిన దాంట్లోనూ పంచింది కొంతే. గుట్టలు, బండలు, కోర్టు తగాదాలున్న చెలకలు కూడా దానం కింద జమపడ్డాయి. 1965లో ఆంధ్రప్రదేశ్ భూదాన, గ్రామదాన చట్టం వచ్చింది. ఆ భూమి పేదవాడు దున్నుకుని బతకడానికి. చేతులు మారడానికి కాదు. అయినా మారింది. హైదరాబాద్ చుట్టుపక్కల భూదాన భూముల గొడవలు హైకోర్టు దాకా, ఈడీ సోదాల దాకా వెళ్లాయి. అప్పట్లో ఎవరూ తీసుకోవడానికి ఇష్టపడని బండనేల మీద ఇప్పుడు గజాల్లెక్కన బేరం నడుస్తుంటే, దానపత్రాన్ని దాచుకున్న కుటుంబం కోర్టు మెట్ల మీద కూర్చుంటోంది.

ముడి విప్పితే రంగు

ఊరికి రెండో పేరు తెచ్చింది మగ్గం. మనం చీర మీద చూసి 'ఇకత్' అంటున్న మాట మనది కాదు. మలయ్, ఇండోనేషియా భాషల్లో 'మెంగికత్' అంటే కట్టడం, ముడి వేయడం. అందులోంచి వచ్చిందే ఇకత్. పోచంపల్లి పాతతరం వాళ్లు దీన్ని చిటికీ అనే అంటారు. బాలి దీవిలోని తెంగానన్ ఊళ్లో పడుగు, పేక రెండింటికీ ముడులు కట్టి రంగులద్దే నేత ఉంది. గుజరాత్‌లోని పాటన్‌లో ఉంది. మన పోచంపల్లి, పుట్టపాకల్లో ఉంది. ప్రపంచంలో ఈ జంట ముడుల పని వచ్చిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పని ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూడాల్సిందే. ముందు ఆసు పోస్తారు. ఒక చివర ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. దారాన్ని చేత్తో అటు తిప్పి ఇటు తెచ్చి, ఒక్కో మేకుకు వేసుకుంటూ పోవాలి. ఒక చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే. సాయంత్రానికి భుజం లేవదు. ఆలేరు దగ్గర శారాజీపేటలో తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం అనే కొడుకు ఆసు యంత్రం చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమా అయింది.

ఆసు పోశాక దారపు పొరల మీద గీతలు గీస్తారు. ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీతో బిగించి కడతారు. రంగులో ముంచుతారు. ఆరబెట్టి, కొన్ని ముడులు విప్పి, వేరే చోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్ని సార్లు. చివరికి మగ్గం మీదికి ఎక్కించి, పేక దారం వేసిన ప్రతిసారీ వేలితో అటో ఇటో జరిపి, పడుగు మీది గుర్తుతో కలిపాకే పలక లాగుతారు. వెంట్రుకవాసి తప్పినా పువ్వు పగిలినట్టు కనిపిస్తుంది. ముద్రించిన చీర అంచులు కత్తితో కోసినట్టుంటాయి. నేసిన చిటికీలో అంచు కాస్త చెదిరి, నీళ్లలో నీడ కదిలినట్టుంటుంది. కొనేవాళ్లు చూడాల్సింది ఆ చెదురే.

ఈ విద్యకు మూలం చీరాల వైపు తయారైన తేలియా రుమాళ్లు. నూనె, ఆముదం కాయల బూడిద కలిపి దారాన్ని నానబెట్టి, ఎరుపు నలుపు తెలుపుల్లో నేసిన ఆ రుమాళ్లు అరబ్బు దేశాలకు ఓడలెక్కేవి. ఆ పని నల్లగొండ నేతగాళ్ల చేతికి వచ్చి చీరగా మారింది, తర్వాత పట్టులోకి ఎక్కింది. పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. పుట్టపాక నేతకారులు గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు దక్కాయి. ఇంత పేరున్నా, మగ్గం మీద కూర్చున్నవాడి కొడుకు మగ్గం ఎక్కడం లేదు. చీర కట్టల్లెక్కన అమ్ముడుపోయే సీజన్లో కూడా నేసినవాడికి మిగిలేది కూలి. నూలు, పట్టు, రంగు, మార్కెట్ అన్నీ మాస్టర్ వీవర్ చేతిలో ఉంటాయి. కంపెనీలో నెల జీతం వచ్చే ఉద్యోగం దొరికితే కొడుకు బస్సెక్కుతాడు. గుంత మగ్గం ఉన్న గది అద్దెకిస్తే ఆ డబ్బు నేత కూలికంటే నయమనిపించే రోజు ఒకటి వస్తుంది. భూమి బేరగాడు ఆ రోజు కోసమే చూస్తుంటాడు.

ఊరే, కానీ మున్సిపాలిటీ

2021 డిసెంబరు 2న మాడ్రిడ్‌లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ తొలిసారి ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితా ప్రకటించింది. 32 దేశాల నుంచి 44 ఊళ్లు. అందులో పోచంపల్లి ఒకటి. ఇందులో చిన్న తమాషా ఉంది. అప్పటికి పోచంపల్లి గ్రామం కాదు, మున్సిపాలిటీ. 2020 జనవరిలో వార్డులకు ఎన్నికలు కూడా జరిగాయి. ఆస్తిపన్ను పట్టణం లెక్కలో, అవార్డు పల్లె లెక్కలో. ప్లాట్లు అమ్మేవాళ్లు రెండు లెక్కలూ వాడుకుంటారు. ఉదయం వచ్చినవాడికి "పల్లె గాలి సార్" అని చెబుతారు, సాయంత్రం వచ్చినవాడికి "మున్సిపల్ లిమిట్స్ సార్" అని చెబుతారు.

ఆ తర్వాత రాకపోకలు పెరిగాయి. 2023 డిసెంబరు 20న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము వచ్చి మగ్గాలు చూశారు. 2025 మే 15న ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన అమ్మాయిలు వచ్చి చిటికీ కట్టడం చూశారు. టీవీల్లో మెరిసిన ఆ రోజు ఊరంతా ముగ్గులు, లైట్లు.

పొలాల సంగతి ఏ కెమెరాకూ పట్టలేదు. ఈ మండలం పక్కనుంచే మూసీ పోతుంది. జూలూరు దగ్గర కాజ్‌వే మీద నిలబడితే హైదరాబాద్ మహానగరం తాగి వదిలిన నీళ్లన్నీ నురగలు కక్కుకుంటూ వస్తాయి. వాన బాగా కొడితే దారి మునిగి ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ తెగిపోతాయి. ఆ నీళ్లతోనే వరి పండుతుంది, పశుగ్రాసం పెరుగుతుంది. నగరం మురుగును పల్లెకు పంపి, పల్లె పాలను, గడ్డిని తీసుకుంటోంది. ఇప్పుడు భూమినీ అడుగుతోంది. పర్యాటక గ్రామం అంటే మ్యూజియం, మందిరం, చీరల షాపు మాత్రమే అనుకుంటే, ఊరిని నిలబెడుతున్న సగం పని మన కంటికి ఆనదు.

గుంటల్లెక్క

తెలంగాణలో ఎకరం అంటే నలభై గుంటలు. గుంట అంటే 121 గజాలు. రైతు ఎకరాల్లో మాట్లాడితే బేరగాడు గుంటల్లో మాట్లాడతాడు, కొనేవాడికి గజాల్లో చెబుతాడు. కొలత చిన్నదైన కొద్దీ ధర పెద్దదవుతుంది. ఎకరం కొని, చుట్టూ ఫెన్సింగ్ వేసి, నడుమ మట్టిరోడ్డు పోసి, రెండేసి ఐదేసి గుంటలుగా కోసి అమ్మితే దాన్ని ఫామ్ ప్లాటు అంటున్నారు. పక్కన శ్రీగంధం మొక్కలు, మామిడి మొక్కలు నాటి, పదిహేనేళ్లకు చెట్టొక లక్ష అని కరపత్రంలో రాస్తారు. వారాంతానికి క్లబ్‌హౌస్, పిల్లలకు ఎడ్లబండి. మొక్కలకు నీళ్లెక్కడివని అడిగితే బోరు చూపిస్తారు. బోర్లో నీళ్లు ఎన్నాళ్లుంటాయో ఎవరూ చెప్పరు.

ఇది నల్లగొండలోనే కాదు, పాలమూరులో అంతకంటే ముందే మొదలైంది. బెంగళూరు హైవే మీద షాద్‌నగర్, బాలానగర్, జడ్చర్ల. శ్రీశైలం రోడ్డు మీద కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి. ఇందులో కొన్ని 2016లో రంగారెడ్డి జిల్లాలోకి వెళ్లాయి గానీ, మనుషుల నోట్లో ఇంకా పాలమూరే. ఎండిపోయిన చెలక ఎకరం కొన్ని వేలకు అమ్ముకుని బొంబాయికీ పుణెకూ మేస్త్రీ వెంట వలస పోయిన జిల్లా ఇది. దేశంలో ఏ డ్యామ్ కట్టినా పాలమూరు లేబర్ ఉండేవారని చెప్పుకునేవాళ్లు. వాళ్లు తిరిగొచ్చేసరికి చెలక చుట్టూ గోడ ఉంది. గోడ లోపల పచ్చగడ్డి ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ కావాలన్నారు. అమ్మిన చేనుకే కాపలాదారుగా నెల జీతానికి కుదిరిన మనిషి ఆ రోడ్డు పొడుగునా ఏదో ఒక గేటు దగ్గర కనిపిస్తాడు.

2025లో ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థ పేరుతో ఏడు మండలాల్లోని 56 గ్రామాలను ఒకే గొడుగు కిందికి తెచ్చారు. కడ్తాల్, ఆమనగల్లు అందులో ఉన్నాయి. ప్రాంతీయ రింగు రోడ్డు దక్షిణ భాగం కూడా చౌటుప్పల్ నుంచి ఆమనగల్లు, షాద్‌నగర్ల మీదుగానే. రోడ్డు గీత పడ్డ రైతు పరిహారం చాలదని ధర్నాలో కూర్చుంటే, గీతకు అవతల ఎకరం ఉన్నవాడు ధర పెరిగిందని స్వీట్లు పంచుతాడు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు, ఒక్కోసారి అన్నదమ్ములు.

ఇంకో సంగతి మరవకూడదు. భూమి చేతులు మారినా చాలాచోట్ల దున్నేది ఊరివాళ్లే, కౌలుకు. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు సీజన్‌కు ఎకరానికి నాలుగు వేలు పట్టా ఉన్నవాడి ఖాతాలో పడ్డాయి. కౌలుదారుకు పడలేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కొత్త యజమానికి సాయం అందింది, ఎండలో నాగలి పట్టినవాడికి అందలేదు. 2020లో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు పహాణీలోని అనుభవదారు కాలమ్ కూడా పోయింది. కాగితం మీద దున్నేవాడి పేరు ఉండాల్సిన గడినే తీసేశారు.

మునిగిన ఊరు, తేలిన పేరు

పాలమూరు దక్షిణపు కొసన కొల్లాపూర్ నుంచి మామిడితోటల మధ్యగా పోతే సుమారు పది కిలోమీటర్లలో సోమశిల. కృష్ణ అక్కడ నది కాదు, సముద్రం. అటు నల్లమల, ఇటు మెట్టు దిగితే నీళ్లు. 2024లో కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామాల పోటీలో ఆధ్యాత్మిక విభాగంలో సోమశిల గెలిచింది. ఇక్కణ్నుంచి శ్రీశైలానికి లాంచీ నడుస్తుంది. కార్తీకంలో సోమేశ్వరుడి దగ్గర దీపాలు.

కానీ ఆ నీళ్ల అడుగున ఊళ్లున్నాయి. శ్రీశైలం జలాశయం నిండిన 1980ల మొదట్లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు మునిగాయి. లక్ష మందికి పైగా ఇళ్లొదిలారు. రాళ్లకు నంబర్లు వేసి గుళ్లను విప్పి ఒడ్డుకు తెచ్చారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం, పాపనాశి గుళ్లు అలంపురంలో మళ్లీ లేచాయి. మనుషులకు అంత జాగ్రత్తగా నంబర్లు వేసినవాళ్లు లేరు. ముంపు కుటుంబానికో ఉద్యోగమని 1986లో ఇచ్చిన 98వ నంబరు జీవో కోసం వాళ్ల పిల్లలు తల నెరిసేదాకా తిరిగారు. ఎండాకాలం నీళ్లు తగ్గితే పాత ఊరి గోడల మొదళ్లు బయటపడతాయి. ముసలివాళ్లు పోయి, "మా ఇల్లు ఇక్కడనే ఉండె" అని చూపిస్తారు. సందర్శకుడు ఫొటో తీసుకుంటాడు.

ఇప్పుడు ఆ నీటి అంచు భూమికి గిరాకీ వచ్చింది. నదికి ఎదురుగా రిసార్టు, కాటేజీ. ముంపులో ఎకరాలు పోగొట్టుకున్న కుటుంబం మిగిలిన రెండెకరాలు అమ్ముకుంటే ఆ ఇంటికి ఇది రెండో ముంపు.

జావా పల్లె చేసిన పని

2021లో పోచంపల్లితో పాటు అదే జాబితాలో ఇండోనేషియా జావా దీవి నుంచి నంగ్లంగెరాన్ అనే ఊరు కూడా ఉంది. యోగ్యకర్తా నగరానికి దగ్గర, గునుంగ్ కిదుల్ కొండల్లో. చల్లారిన పాత అగ్నిపర్వతపు రాతిగుట్ట, దాని కింద వరిమళ్లు, కోకో తోటలు. మన మెట్ట పల్లెల్లాగే ఒకప్పుడు యువకులు నగరానికి వలస పోయిన ఊరు. ఆ ఊరి కుర్రాళ్లే గుట్టమీద మొక్కలు నాటి, దారి వేసి, టికెట్ పెట్టారు. పర్యాటకులు వచ్చారు. మరీ ఎక్కువ వచ్చారు. అప్పుడు వాళ్లు చేసిన పని మన టూరిజం సమీక్షల్లో ఎప్పుడూ వినపడదు. టికెట్ ధర పెంచి, వచ్చేవాళ్ల సంఖ్యను కావాలనే తగ్గించుకున్నారు. రాబడి తగ్గలేదు, పెరిగింది. రాత్రి ఉండేవాళ్లు ఊరి ఇళ్లలోనే ఉంటారు. కోకో గింజను అమ్మేయకుండా ఊళ్లోనే చాక్లెట్ చేస్తారు.

వాళ్లకు చట్టం అండ కూడా ఉంది. ఇండోనేషియా 1960 భూచట్టం ప్రకారం విదేశీయుడు అక్కడ భూమికి పూర్తి యజమాని కాలేడు. వాడుకునే హక్కే. ఆ చట్టాన్ని దాటడానికి స్థానికుల పేరు మీద బినామీ కొనుగోళ్లు బాలిలో జోరుగా సాగుతాయి, గొడవలూ అవుతాయి. మనకూ అలాంటి నిబంధన ఒకటుంది. విదేశాల్లో స్థిరపడ్డ భారతీయులు ఇక్కడ వ్యవసాయ భూమి గానీ, తోట గానీ, ఫామ్‌హౌస్ గానీ కొనడానికి విదేశీ మారకద్రవ్య చట్టం ఒప్పుకోదు. వారసత్వంగా రావచ్చు, కొనకూడదు. డాలస్‌లోనో సిడ్నీలోనో ప్రీలాంచ్ ప్రచారంలో ఈ వాక్యం వినిపించదు. అమ్మ పేరు మీదో తమ్ముడి పేరు మీదో కొని, తర్వాత తమ్ముడితోనే కోర్టుకెక్కినవాళ్లు తెలుగు నేల మీద తక్కువమంది కారు.

నంగ్లంగెరాన్‌ను చూసి నేర్చుకోవాల్సింది ఒక్కటే. టికెట్ డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది, భూమి ఎవరి చేతిలో ఉంది అన్న రెండు ప్రశ్నలకూ జవాబు 'ఊరు' అయితే పర్యాటకం ఊరిని బతికిస్తుంది. ఆ జవాబు మారితే ఊరి పేరు మాత్రమే మిగులుతుంది.

చూడటానికి వెళ్తే

పోచంపల్లికి వరంగల్ దారిలో బీబీనగర్ నుంచి గానీ, విజయవాడ దారి నుంచి గానీ వెళ్లొచ్చు. వినోబా మందిరం, చేనేత మ్యూజియం చూడండి. షాపులో ఆగిపోకుండా మగ్గం ఉన్న ఇల్లు చూడండి. ముందు అడిగి వెళ్లండి, అది వాళ్ల పని చోటు. ఫొటో తీసుకునే ముందు అడగండి. చీర కొంటే సిల్క్ మార్కు, హ్యాండ్లూమ్ మార్కు చూడండి. చీరను తిప్పి వెనకవైపు చూడండి. నేసిన చిటికీలో రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. చీరలను చేనేతకే కేటాయిస్తూ 1985లోనే చట్టం వచ్చినా, పవర్‌లూమ్ ప్రింటు చీర అదే పేరుతో అమ్ముడవుతూనే ఉంది. వీలైతే పుట్టపాక, కొయ్యలగూడెం కూడా పోండి. సోమశిల వెళ్తే రాత్రి ఆగండి, కొల్లాపూర్ మామిడిపళ్లు రైతు దగ్గరే కొనండి.

కొనటానికి వెళ్తే

కొనటం తప్పేమీ కాదు. తెలంగాణలో రైతు కాని మనిషి కూడా సాగుభూమి కొనుక్కోవచ్చు. కానీ బయానా ఇవ్వడానికి ముందు కొన్ని కాగితాలు చూడాలి.

మొదటిది, నిషేధిత జాబితా. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద సర్వే నంబరు ఉందేమో చూడండి. భూదాన భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు అక్కడ తేలతాయి. రెండోది, లావణి పట్టా. సర్కారు పేదలకిచ్చిన భూమిని కొనకూడదని 1977 నుంచి చట్టం ఉంది. కొన్నా చెల్లదు, వెనక్కి తీసుకుంటారు. మూడోది, రక్షిత కౌలుదారు హక్కు. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద 38-ఇ సర్టిఫికెట్ ఎవరికైనా ఉందేమో పాత పహాణీల్లో వెతకాలి. డెబ్బై ఏళ్ల నాటి పేరు ఇవాళ్టి రిజిస్ట్రీని కదిలించగలదు. నాలుగోది, చెరువు శిఖం, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే మట్టం) హద్దులు. ఎండాకాలం చూసి కొన్న ప్లాటులో వానాకాలం కప్పలు అరుస్తాయి.

ఐదోది, వెంచర్ అయితే రెరా. 500 చదరపు మీటర్లు గానీ, ఎనిమిది ప్లాట్లు గానీ దాటిన ప్రాజెక్టుకు నమోదు ఉండాలి. నమోదు లేకుండా ప్రీలాంచ్ పేరుతో డబ్బు తీసుకోవడం చట్టవిరుద్ధం. సాగుభూమిని గుంటల్లెక్కన కొంటే మీ పేరు మీద పాసుపుస్తకం వచ్చినా, ఇల్లు కట్టుకునే అనుమతి దాని వెంట రాదు. నాలా మార్పిడి (సాగుభూమిని సాగేతర అవసరాలకు మార్చుకోవడం), లేఔట్ అనుమతి వేరే సంగతులు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్లో కనిపించేది కాగితం మీది లెక్కే. పొలం గట్టు మీద నిలబడి పక్క రైతును అడిగితే తెలిసే సంగతులు ఏ పోర్టల్లోనూ ఉండవు.

అందుకే చివరి మాట. పోచంపల్లికి పోండి, సోమశిలకు పోండి, షాద్‌నగర్ దాటి ఏ పల్లెకైనా పోండి. భూమి నచ్చితే ధర అడిగే ముందు దున్నుతున్నదెవరో అడగండి. ఆ మనిషితో మాట్లాడండి. మీరు కొన్నాక ఆయన ఎక్కడికి పోతాడో, ఏం చేస్తాడో తెలుసుకోండి. కౌలుకు ఉంచుకుంటానంటే కాగితం రాసివ్వండి, సర్కారు సాయం వస్తే ఆయన వాటా ఆయనకు ఇవ్వండి. 1951లో ఈ ఊళ్లో నలభై ఇళ్లవాళ్లు అడిగింది దున్నుకోవడానికి ఇంటికి రెండెకరాలు. డెబ్బై ఏళ్లు దాటినా ఆ లెక్క మారలేదు. చేను దున్నేవాడి పేరు తెలియకుండా బయానా ఇవ్వకండి.